తల్లులు చెప్పుకోని కష్టం

కర్మాగారంలో పంపుల నిర్వహణ చూసేవారికి ఉదయాన్నే చేయవలసిన పని ఒకటున్నది. వరుసగా పంపుల పక్కన నడుస్తూ, గ్లాండు కింద నేల తడిగా ఉన్నదా అని చూడడం. నిమిషానికి కొన్ని చుక్కలు పడితే ఫరవాలేదు. ప్యాకింగు వేడెక్కకుండా ఉండడానికి ఆ మాత్రం తడి అవసరమే. చుక్కలు ధార కడితే మాత్రం వెంటనే లాగ్‌బుక్కులో రాసి, మరమ్మతుకు చీటీ పంపవలసిందే. ముప్పది సంవత్సరాలకు పైగా మేము ఈ పని చేస్తున్నాము. మా కంటబడిన లీకేజీ ఏదీ చీటీ లేకుండా ఒక షిఫ్టు దాటలేదని నలుగురిలో చెప్పుకొని మురిసిపోయేవారము.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మేము రచ్చ గెలిచాము గాని ఇంట ఓడిపోయామన్న సంగతి 2023వ సంవత్సరం దాకా మాకు తెలియలేదు. ఆ ఓటమిని గురించి, దాని నుంచి నేర్చుకొన్న నాలుగు మాటలను గురించి మన పత్రిక పాఠకులతో పంచుకోవాలని ఈ ప్రయత్నం. విషయం కొంత సున్నితమైనది. తొలి కాన్పు తరువాత తల్లులకు మూత్రం మీద పట్టు తప్పడం అనే బాధను గురించి. మగవాడు, అందునా ఇంజనీరు, ఇటువంటి సంగతి రాయడమేమిటని కొందరికి అనిపించవచ్చు. మా శ్రీమతి, మా అమ్మాయి ఇద్దరూ దీనిని చదివి, రెండు చోట్ల కొట్టివేసి, "ఇక పంపించండి" అన్న తరువాతనే ఇది సంపాదకుల చేతికి చేరింది.

మా అమ్మాయి హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నది. తొలిచూలు గనుక ఆచారం ప్రకారం పురుటికి మా ఇంటికి తీసుకొని వచ్చాము. 2023 సెప్టెంబరులో మగపిల్లవాడు పుట్టాడు. బరువు మూడు కిలోల ఎనిమిది వందల గ్రాములు. నొప్పులు రాత్రంతా సాగాయి. చివరి దశలో రెండు గంటలకు పైగా ప్రయాసపడిన తరువాత వైద్యురాలు వాక్యూమ్ సాయంతో బిడ్డను బయటకు తీశారు. తల్లీ బిడ్డా క్షేమమన్న మాట వినగానే ఆసుపత్రి వరండాలో మేము కూర్చుండిపోయాము. స్త్రీకి ప్రసవం పునర్జన్మ అని పెద్దలు ఊరకనే అనలేదు.

మూడవ వారంలో ఒకనాడు బాలింతకు తలంటి, సాంబ్రాణి పొగ వేస్తున్నారు. పొగకు అమ్మాయికి దగ్గు తెర వచ్చింది. రెండు మూడు సార్లు దగ్గినది, అంతలోనే మొగం మాడ్చుకొని లేచి గదిలోకి వెళ్ళిపోయింది. పొగ ఎక్కువైందేమోనని మేము కిటికీలు తెరిచాము. ఆనాటి నుంచి అమ్మాయిలో మార్పు కనిపించసాగింది. గదిలో నుంచి బయటకు రాదు. ఎవరైనా చూడవచ్చి నవ్వు మాటలు చెబితే పెదవి బిగించి కూర్చుంటుంది. మంచినీళ్ళు గ్లాసుడు ఇస్తే రెండు గుక్కలు తాగి పక్కన పెడుతుంది. అల్లుడుగారు ఫోను చేసి, ఎప్పుడు తీసుకొని వెళ్ళమంటారని అడిగితే, ఇంకా కొన్నాళ్ళు పోనీయండి అంటుంది. ప్రసవించిన తల్లులకు మనసు దిగులుపడడం ఉంటుందని ఎక్కడో చదివి, అదేమోనని మేము బెంగపెట్టుకొన్నాము.

డిసెంబరులో ఒక మధ్యాహ్నం వరండాలో కూర్చుని పత్రిక చదువుకొంటున్నాము. లోపల తల్లీ కూతుళ్ళ మాటలు చెవిన పడ్డాయి. అమ్మాయి ఏడుస్తున్నది. తుమ్మినా దగ్గినా, పిల్లవాణ్ణి ఎత్తుకొన్నా బట్టలు తడిసిపోతున్నాయని, ఇలాగే ఉంటే ఆఫీసుకు ఎలా వెళ్ళడమని. దానికి మా శ్రీమతి ఇచ్చిన జవాబు ఇది: "దానికింత దిగులెందుకే? కాన్పైన ఆడవాళ్ళకు ఉండేదే. నాకు నువ్వు పుట్టినప్పటి నుంచీ ఉంది. గుడ్డ పెట్టుకుంటే సరిపోతుంది. పిల్లవాడు చక్కగా ఉన్నాడు, అది చాలదూ?"

అమ్మాయి చాలాసేపటికి అన్నది: "ఇరవై ఏడేళ్ళ నుంచా అమ్మా?"

చేతిలో పత్రిక అలాగే ఉండిపోయింది. ఇరవై ఏడేళ్ళు ఒకే ఇంట్లో ఉన్న మనిషి బాధ మాకు తెలియలేదు. ఆ రాత్రి శ్రీమతిని అడిగాము, ఇన్నేళ్ళుగా మాతో ఎందుకు చెప్పలేదని. "ఏమని చెప్పమంటారు? డ్యూటీ నుంచి మీరు వచ్చేసరికి రాత్రయ్యేది. చెప్పినా మీరేం చేస్తారండీ, స్పానరు తెస్తారా?" అని నవ్వి అటు తిరిగి పడుకొన్నది. మాకు నిద్ర పట్టలేదు. పాత సంగతులన్నీ ఒక్కొక్కటిగా వేరే అర్థంతో కళ్ళ ముందుకు రాసాగాయి.

పెళ్ళైన కొత్తలో క్లబ్బులో బ్యాడ్మింటన్ బాగా ఆడేది. అమ్మాయి పుట్టిన తరువాత రాకెట్టు ముట్టలేదు. సంసారంలో పడి ఆసక్తి పోయిందనుకొన్నాము. సినిమాకు వెళితే చివరి కుర్చీయే కావాలనేది. ఎల్.టి.సి. మీద కన్యాకుమారి వెళ్ళినప్పుడు రైలులో రెండు రోజులూ నీళ్ళు తాగకుండా గడిపితే, బయటి నీళ్ళంటే అనుమానమేమోనని వేళాకోళం చేశాము. అలిపిరి మెట్ల దారిన కొండ ఎక్కుతానని మొక్కుకొని, తీరా వెళ్ళాక బస్సు ఎక్కుదామంటే, భక్తి ఇంతేనా అని ఎగతాళి చేశాము. ఇరవై అయిదేళ్ళ సర్వీసు పూర్తయినప్పుడు సంస్థవారిచ్చిన సొమ్ముతో ముచ్చటపడి లేత గులాబీ రంగు వెంకటగిరి చీర తెచ్చాము. మడత విప్పలేదు. ఆమెకు ముదురు రంగులే ఇష్టమని మా లెక్క. తడి పైకి కనబడకుండా ఉండడానికే ముదురు రంగులు కట్టేదని ఆ రాత్రి తెలిసింది.

మరునాడే తల్లినీ కూతురినీ ఇద్దరినీ స్త్రీల వైద్యురాలి వద్దకు తీసుకొని వెళ్ళాము. ఆమె విసుగు లేకుండా వివరించారు. తరువాత మా అలవాటు కొద్దీ పుస్తకాలు, పరిశోధన వ్యాసాలు వెదికి చదివాము. మాకు అర్థమైనంత వరకు చెబుతాము.

స్త్రీ కటి భాగం అడుగున, ముందున్న ఎముక నుంచి వెనుక తోకఎముక దాకా కండరాల పొర ఒకటి ఊయలలాగా పరచుకొని ఉంటుంది. మూత్రాశయం, గర్భాశయం, పెద్దపేగు చివరి భాగం దీని ఆసరా మీదనే నిలిచి ఉంటాయి. మూత్రమార్గం, జనన మార్గం, మల మార్గం మూడూ ఈ పొర గుండానే బయటకు వస్తాయి. దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు, బరువెత్తినప్పుడు పొత్తికడుపులో ఒత్తిడి ఒక్కసారిగా పెరుగుతుంది. అప్పుడు మూత్రమార్గం మూసుకొని ఉండాలంటే దాని కింద గట్టి ఆధారం ఉండాలి. అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన డాక్టర్ జాన్ డెలాన్సీ 1994లో ఈ సంగతిని విశదీకరించారు. తోటకు నీళ్ళు పెట్టే రబ్బరు గొట్టాన్ని గట్టి నేల మీద పెట్టి కాలితో తొక్కితే నీరు ఆగిపోతుంది. అదే గొట్టాన్ని బురదలో పెట్టి తొక్కితే గొట్టం కిందికి దిగుతుందే గాని నీరు ఆగదు. ఇక్కడ లోపం గొట్టంలో లేదు, దాని కింది నేలలో ఉన్నది. పైపు సపోర్టు కుంగితే ఫ్లాంజి కారుతుందని మాకు ఎప్పటి నుంచో తెలుసు గనుక ఈ మాట వెంటనే బోధపడింది.

ఆయనతో కలిసి పనిచేసిన వారిలో జేమ్స్ ఆష్టన్-మిల్లర్ అనే మెకానికల్ ఇంజనీరు కూడా ఉన్నారు. మా వృత్తివారు ఇందులో ఉన్నారని తెలిసి మాకు కొంత ధైర్యం వచ్చింది. ఆ బృందం వారు 2004లో కంప్యూటరు నమూనా తయారుచేసి, బిడ్డ తల బయటకు వచ్చే సమయంలో ఈ కండరాలు ఎంత సాగుతాయో లెక్కగట్టారు. మధ్య భాగంలోని కండరం తన మొదటి పొడవుకు మూడు రెట్లకు పైగా సాగవలసి వస్తుందని తేలింది. మేము ఎరిగిన ఏ స్ప్రింగునైనా అంతగా సాగదీస్తే తిరిగి పూర్వస్థితికి వస్తుందని హామీ ఇవ్వలేము. చాలామంది తల్లులలో ఈ కండరం తిరిగి బిగుసుకొంటున్నదంటే ప్రకృతి నిర్మాణానికి చేతులు జోడించవలసిందే. అయితే కొందరిలో కండరం చీలుతుంది, లేదా ఎముక వద్ద పట్టు ఊడుతుంది. ఆ కండరాలకు ఆజ్ఞలు చేరవేసే నరం సాగి, కొన్ని నెలల పాటు మందగిస్తుంది. అటువంటప్పుడు అదుపు తప్పుతుంది.

తొలి కాన్పులో ఈ ముప్పును పెంచే కారణాలేమిటి అన్నది తరువాతి ప్రశ్న. మొదటిది గర్భమే. తొమ్మిది నెలల పాటు పెరిగే బరువు, కణజాలాన్ని మెత్తబరిచే హార్మోన్లు, కాన్పుకు ముందే ఆధారాన్ని సడలిస్తాయి. గర్భిణిగా ఉండగానే లీకేజీ మొదలైనవారికి ప్రసవం తరువాత కూడా ఉండే అవకాశం ఎక్కువ. తొలి కాన్పు నాటికి వయసు ఎక్కువగా ఉండడం, శరీరం బరువు ఎక్కువగా ఉండడం కారణాలే. ఇక ప్రసవ సమయంలో బిడ్డను నెట్టే దశ చాలాసేపు సాగడం, బిడ్డ పెద్దదిగా ఉండడం, పరికరాలతో బిడ్డను తీయవలసి రావడం. వీటిలో వాక్యూమ్ కంటే ఫోర్సెప్స్ వలన కండరం దెబ్బతినే అవకాశం హెచ్చు. దీని అర్థం ఆ పరికరాలు చెడ్డవని కాదు. బిడ్డ ప్రాణం మీదికి వచ్చినప్పుడు అవే ఆదుకొంటాయి. ఆ తరువాత తల్లి కండరాల సంగతి ఎవరైనా అడిగారా లేదా అన్నదే ముఖ్యం. ప్రసవానంతరం మలబద్ధకంతో ముక్కడం, విడవని దగ్గు, తొందరపడి బరువులెత్తడం కూడా కోలుకొంటున్న కండరాలను మళ్ళీ కుంగదీస్తాయి. మా ఇంట్లో ఈ జాబితా చదువుతూ ఉంటే మా శ్రీమతి, 1996లో తన కాన్పు కూడా అచ్చం ఇలాగే జరిగిందని చెప్పింది. ఫోర్సెప్స్ వేశారట. ఆ సంగతి కూడా మాకు అప్పుడే తెలిసింది.

ఇది ఎక్కడో ఒకరికి వచ్చేది కాదు. 2010లో వెలువడిన ఒక పరిశోధన సమీక్ష ప్రకారం ప్రసవం తరువాతి మొదటి మూడు నెలలలో మూడింట ఒక వంతు స్త్రీలకు ఎంతో కొంత లీకేజీ ఉంటున్నది. వీరిలో చాలామందికి క్రమంగా తగ్గుతుంది. మూడు నెలలు దాటినా తగ్గని పక్షంలో, దానంతటదే పోతుందిలే అని ఊరుకొన్నవారికి అది ఏళ్ళ తరబడి నిలిచిపోయే ప్రమాదమున్నది. మా అమ్మాయి మొదటి మూడు నెలల అంచున ఉన్నది. మా శ్రీమతి ఇరవై ఏడేళ్ళ అవతల ఉన్నది. ఒకే గదిలో పక్కపక్కన కూర్చున్న ఆ ఇద్దరినీ చూసినప్పుడు మాకు ఈ అంకెల అర్థం తెలిసింది.

ఈ సంగతి తెలిసిన ఒక మిత్రుడు, "అయితే సిజేరియన్ చేయిస్తే గొడవే ఉండదు గదా" అన్నాడు. ఈ అభిప్రాయం మన ప్రాంతంలో చాలామందికి ఉన్నది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశం మొత్తం మీద కాన్పులలో సిజేరియన్లు 21.5 శాతం కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం, తెలంగాణలో 60.7 శాతం. కాబట్టి ఈ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పుకోవాలి. నార్వే దేశంలో పదిహేను వేల మందికి పైగా స్త్రీలను పరిశీలించి 2003లో ప్రచురించిన ఫలితాలు ఇవి. అసలు ప్రసవించని వారిలో లీకేజీ ఉన్నవారు నూటికి 10 మంది. సిజేరియన్లు మాత్రమే జరిగినవారిలో 16 మంది. సహజ ప్రసవాలు మాత్రమే జరిగినవారిలో 21 మంది. అంటే కోత వలన ముప్పు కొంత తగ్గుతుందే గాని పోదు. బరువు మోయడం వలన కలిగే కుంగుబాటు ఎలాగూ ఉంటుంది. కోతకు దాని కష్టాలు దానికున్నాయి, మరుసటి గర్భానికి కూడా దాని ప్రభావం ఉంటుంది. ఈ ఒక్క కారణంగా ఎవరూ సిజేరియన్ కోరుకోనవసరం లేదని, తల్లీ బిడ్డల పరిస్థితిని బట్టి వైద్యులే నిర్ణయించాలని మా వైద్యురాలు స్పష్టంగా చెప్పారు.

మన ఇళ్ళలో బాలింతకు చేసే ఉపచారాలను గురించి కూడా ఆమె రెండు మాటలు అన్నారు. బాలింత నీళ్ళు తాగరాదని, తాగితే పొట్ట పెరుగుతుందని మన పెద్దవాళ్ళ నమ్మకం. నీళ్ళు తగ్గిస్తే మలబద్ధకం కలుగుతుంది. మూత్రం చిక్కబడి మూత్రాశయాన్ని ఇంకా చికాకు పెడుతుంది. పాలిచ్చే తల్లికి నీరు ఎక్కువే కావాలి. నడుముకు గుడ్డతో కట్టు కట్టేటప్పుడు ఊపిరాడనంత బిగించడం కూడా మంచిది కాదు. పై నుంచి అంత గట్టిగా నొక్కితే ఆ ఒత్తిడి అంతా కింది కండరాల మీదనే పడుతుంది. పథ్యం పేరుతో కూరలు, పళ్ళు మానేయడమూ అటువంటిదే. పెద్దల ప్రేమను కాదనకుండా, ఈ మూడింటినీ సవరించుకోవడం మా ఇంట్లో పెద్ద కష్టం కాలేదు. కూతురికి చెంబుతో నీళ్ళు ఇచ్చే పని మా శ్రీమతే పెట్టుకొన్నది.

ఇక వైద్యం. దీనికి మొదటి మందు మాత్ర కాదు, వ్యాయామం. అమెరికా వైద్యుడు ఆర్నాల్డ్ కెగెల్ 1948లో ప్రచారంలోకి తెచ్చినందున దీనికి ఆయన పేరే స్థిరపడింది. మూత్రాన్నీ, అపానవాయువునూ ఒక్కసారే ఆపుకొంటున్నట్లుగా కింది కండరాలను లోపలికి, పైకి బిగించాలి. మొదట్లో రెండు మూడు సెకన్లు నిలిచినా చాలు. క్రమంగా ఎనిమిది నుంచి పది సెకన్ల దాకా పెంచుకోవాలి. ఎంతసేపు బిగించామో అంతసేపు పూర్తిగా వదలాలి. ఇలా ఎనిమిది నుంచి పన్నెండు సార్లు, రోజుకు మూడు పూటలు. ఆ సమయంలో ఊపిరి బిగపట్టరాదు. పొట్టను, తొడలను, పిరుదులను బిగించరాదు. చాలామంది పొరపాటున కిందికి ముక్కుతారు, దానివలన మేలుకు బదులు కీడు కలుగుతుంది. సరైన కండరాన్నే బిగిస్తున్నారో లేదో ఒకసారి ఫిజియోథెరపిస్టు చేత గాని, వైద్యురాలి చేత గాని పరీక్ష చేయించుకోవడం అవసరం. మూత్రం పోస్తూ మధ్యలో ఆపడాన్ని రోజువారీ అభ్యాసంగా పెట్టుకోకూడదు.

వదలడం కూడా బిగించడమంత ముఖ్యమన్న మాట మాకు బాగా నచ్చింది. గ్లాండు నట్లను మితిమీరి బిగిస్తే లీకేజీ ఆగకపోగా ప్యాకింగు కాలిపోయి షాఫ్టు అరుగుతుందని కొత్త కుర్రవాళ్ళకు మేము ఏటా చెప్పే పాఠమే ఇది.

ఇంకొక కిటుకు కూడా ఉన్నది. దగ్గు గాని తుమ్ము గాని రాబోతున్నదని తెలియగానే, దానికి ఒక క్షణం ముందే ఆ కండరాన్ని బిగించి పట్టుకోవడం. ఇందాక చెప్పిన మిషిగన్ బృందం వారే 1998లో దీని ప్రయోజనాన్ని నిరూపించారు. సాధన కుదిరితే ఇది అసంకల్పితంగా జరిగిపోతుంది.

మా పద్ధతి ప్రకారం మేము గ్రాఫు కాగితం మీద గళ్ళు గీసి, తేదీలు వేసి, పూటపూటకూ టిక్కు పెట్టడానికి ఒక పట్టిక తయారుచేసి వంటగదిలో అంటించాము. మా శ్రీమతి సాయంత్రానికల్లా దానిని చింపివేసింది. వచ్చేపోయేవాళ్ళందరూ చదవాలా అన్నది. అమ్మాయి అంతకంటే తేలిక ఉపాయం కనిపెట్టింది. పిల్లవాడికి పాలిచ్చే వేళలలో ఉదయం ఒకటి, మధ్యాహ్నం ఒకటి, రాత్రి ఒకటి ఎంచుకొని, అప్పుడే వ్యాయామం పూర్తిచేసేది. పాలివ్వడం మరచిపోరు గనుక ఇదీ మరచిపోదు. తల్లి కూడా పక్కనే కూర్చుని తానూ చేయసాగింది.

మొదటి నెలలో ఏమీ తేడా కనిపించలేదు. అమ్మాయికి నిరాశ కలిగింది. కండరం బలపడడానికి కనీసం మూడు నెలలు పడుతుందని వైద్యురాలు ముందే చెప్పి ఉండడం వలన మానకుండా నిలబడింది. రెండవ నెల చివరకు తుమ్ములకు భయపడడం మానేసింది. 2017లో చట్టానికి చేసిన సవరణతో ప్రసూతి సెలవు 26 వారాలకు పెరగడం ఈ విషయంలో ఎంత మేలు చేసిందో మాకు అప్పుడు తెలిసివచ్చింది. సెలవు ముగిసి 2024లో ఉద్యోగంలో చేరేనాటికి పిల్లవాణ్ణి ఒక చంకన, సంచిని ఒక భుజాన వేసుకొని మెట్లెక్కగలిగింది.

మా శ్రీమతి సంగతి అంత సులువు కాలేదు. ఇరవై ఏడేళ్ళ పాటు పట్టించుకోని లోపం మూడు నెలలలో పోదు. ఆరు నెలలకు సగానికి పైగా తగ్గింది. మిగిలినదానికి లోపల పెట్టుకొనే పెస్సరీ అనే చిన్న సాధనమున్నదని, మూత్రమార్గం కింద సన్నని పట్టీ అమర్చే శస్త్రచికిత్స కూడా ఉన్నదని, వాటి మంచిచెడ్డలు ఇవీ అని వైద్యురాలు చెప్పారు. ప్రస్తుతానికి వ్యాయామంతోనే సరిపెట్టుకొంటానని ఆమె నిర్ణయించుకొన్నది. నిర్ణయం ఆమెది. ముందే తెలిసి ఉంటే ఆమె యౌవనమంతా ఇలా గడిచేది కాదు గదా అన్న బాధ మాత్రం మాకు మిగిలిపోయింది.

కొన్ని లక్షణాలు కనిపిస్తే వ్యాయామమంటూ ఆలస్యం చేయరాదు. ప్రసవమైన ఆరు గంటలలోపు మూత్రం రాకపోతే వెంటనే నర్సుకు చెప్పాలి. నిండిపోయిన మూత్రాశయం సాగి దెబ్బతింటుంది. మంట, జ్వరం, మూత్రంలో రక్తం కనిపించినా, దగ్గు తుమ్ములతో పనిలేకుండా రాత్రింబవళ్ళు ఏకధారగా కారుతున్నా వైద్యుల వద్దకు వెళ్ళాలి. ఆ చివరిది చాలాసేపు అడ్డుపడిన ప్రసవాలలో ఏర్పడే రంధ్రం వలన కావచ్చు. దానికి శస్త్రచికిత్సే మార్గం. గర్భిణులుగా ఉన్నవారు కాన్పు దాకా ఆగనవసరం లేదు. లీకేజీ లేని గర్భిణులు ముందు నుంచే ఈ వ్యాయామం చేస్తే నెలలు నిండే సమయానికి ఆ సమస్య వచ్చే అవకాశం సగానికి పైగా తగ్గుతుందని 2020లో కాక్రేన్ సంస్థ సమీక్ష తేల్చింది. సీమంతం నాడు పెట్టే పసుపు కుంకుమలతో పాటు ఈ ఒక్క మాట కూడా చెవిన వేస్తే తల్లి ఆమెకు మంచి సారె పెట్టినట్లే.

మన సంస్థలోని అధికార మిత్రులకు ఒక విన్నపం. ఇప్పుడు కంట్రోల్ రూములలోనూ, ప్రయోగశాలలలోనూ, షాపులలోనూ మన ఆడపిల్లలు పనిచేస్తున్నారు. ప్రసూతి సెలవు ముగించుకొని వచ్చిన అమ్మాయి పని మధ్యలో ఒకసారి లేచి వెళ్ళవలసి వస్తే కారణం అడగకండి. మేము పనిచేసిన ఒక విభాగంలో స్త్రీల మరుగుదొడ్డికి వెళ్ళాలంటే రెండు షెడ్లు దాటి పోవలసి వచ్చేది. లేఅవుటు గీసినవారిలో మేమూ ఒకరము. అప్పట్లో అది మాకు తట్టలేదు. కొత్త నిర్మాణాలకు ప్లాన్లు గీసే మిత్రులకైనా తడుతుందని ఇక్కడ రాస్తున్నాము.

చెప్పుకొంటే మానం పోతుంది, చెప్పకుంటే ప్రాణం పోతుందని మన సామెత. ఈ బాధ ప్రాణం తీయదు గనుకనే చెప్పుకోకుండా ఉండిపోతున్నది. కాని ఆట, పాట, నవ్వు, ప్రయాణం ఒక్కొక్కటిగా మానిపిస్తుంది. పురుషులకు మేము చెప్పేదొకటే. ఇంట్లో వాళ్ళు చెప్పేదాకా ఆగకండి. కాన్పైన కొన్నాళ్ళకు, బిడ్డ బరువు ఎంత పెరిగిందని అడిగినట్లే, తల్లి ఒంట్లో ఎలా ఉన్నదని కూడా అడగండి. జవాబు వెంటనే రాకపోతే మళ్ళీ ఒకసారి అడగండి.

ఈ ఏడాది సంస్థ వార్షికోత్సవంలో మన కళాకారులు హాస్య నాటిక వేశారు. బయలుదేరే ముందు మా శ్రీమతి బీరువా తెరిచి లేత గులాబీ వెంకటగిరి చీర తీసింది. ఇన్నేళ్ళు మడతలో ఉన్నందువలన అంచు దగ్గర చిన్న గీత పడింది. అది పరవాలేదని కట్టుకొని వచ్చింది. ఆడిటోరియంలో చివరి కుర్చీ కోసం చూడలేదు. వరుస మధ్యలో, పొరుగింటివారి పక్కన కూర్చున్నది. నాటిక జరిగినంతసేపూ అందరితో పాటు నవ్వుతూనే ఉన్నది. నాటికలో ఏం జరిగిందో మాత్రం మాకు అంతగా గుర్తు లేదు.